తోడి ఖైదీ సాక్ష్యము
చిత్తూరు సీమలో స్వాతంత్ర్యోద్యమము: ధారావాహిక

గత భాగమున 1942 ఆగస్టు మాసమున చిత్తూరు మండలము క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొన్న తీరును ముచ్చటించుకొంటిమి. ఉద్యమ చరిత్రలు సామాన్యముగా చెఱసాల తలుపులు తెఱచుకొనుటతోనో, 1947 ఆగస్టు 15వ తేదీన జెండా ఎగురుటతోనో ముగియుచుండును. ఆ తరువాత ఆ మనుష్యులేమైరి, ఏమి తిని బ్రదికిరి, ఏ యూరి అరుగుమీద ముసలివారైరి అను ప్రశ్నలకు వానిలో తావుండదు. ఆ ప్రశ్నలు చరిత్రకు వెలుపలివని నేను తలంపను. యౌవనమున ప్రభుత్వము నెదిరించి చెఱకు పోయినవాడు, వార్ధక్యమున స్వరాజ్య ప్రభుత్వము ముందు నిలిచి తాను చెఱలో నుండిన మాట నిజమని నిరూపించుకొనవలసి వచ్చినపుడు, అతని పక్షమున మాటాడుటకు మిగిలినవాడు తఱచుగా ఒక్కడే. ఆనాడు అదే బరాకులో అతని ప్రక్కన పండుకొన్న తోడి ఖైదీ. ఈ భాగమున ఆ సాక్ష్యమును గూర్చి చెప్పుదును.

స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భమున, 1972 ఆగస్టు 15వ తేదీ నుండి కేంద్ర ప్రభుత్వము స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకమును అమలులోనికి తెచ్చెను. అంతకు మూడేండ్ల ముందు, 1969లో, అండమాను దీవులలో శిక్ష ననుభవించిన రాజకీయ ఖైదీలకు మాత్రమొక పింఛను ఏర్పడియుండెను. 1972 నాటి పథకము ఆ గౌరవమును దేశమందలి తక్కిన యోధులకును విస్తరింపజేసెను. ఆరు మాసములకు తక్కువగాక చెఱవాసము చేసినవారు దీనికి అర్హులు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని మూడు మాసములు చాలునని సడలింపు కలిగినది. మొదట నిర్ణయించిన పింఛను నెలకు 200 రూపాయలు. సంవత్సరాదాయము 5000 రూపాయలకు మించరాదను నిబంధన యొకటి తొలుత నుండెను గాని, 1980 ఆగస్టు 1వ తేదీ నుండి దానిని తొలగించి, ఇది బీదవానికి చేయు సాయము గాదు, యోధునికి చేయు సత్కారమని తెలియునట్లు, పథకమునకు స్వతంత్రతా సైనిక సమ్మాన పింఛను అని పేరు మార్చిరి. వానచినుకు నమ్ముకొని వేరుసెనగ వేసుకొను మన మెట్టసీమ పల్లెలలో, నెలనెల తప్పక చేతికి వచ్చు 200 రూపాయలనగా ఎంతటి ఆసరాయో 1972 నాటి పెద్దల నడిగిన చెప్పుదురు.

పింఛను ఉత్తరువు వెలువడుట సులభము. చెఱలో నుండినట్లు కాగితము చూపుటయే కష్టము. మన మండలమునకు ఈ కష్టము తక్కిన మండలములకంటె రెట్టింపుగా వచ్చిపడినది. దానికి కారణము మన సరిహద్దుల చరిత్ర.

చిత్తూరు మండలము 1911 ఏప్రిల్ 1వ తేదీన ఏర్పడినది. అంతవఱకు చిత్తూరు పట్టణము ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యస్థానము. ఆ జిల్లాలోని తెలుగు తాలూకాలను విడదీసి, కడప జిల్లానుండి మదనపల్లె, వాయల్పాడులను తెచ్చి కలిపి, ఈ క్రొత్త జిల్లాను కూర్చిరి. పాలన విడిపోయినను రాకపోకలు విడిపోలేదు. చిత్తూరునుండి వేలూరు నలువది కిలోమీటర్లయినను లేదు. ఆనాడు రెండును చెన్నరాజధానిలోనివే. కనుక మన సత్యాగ్రహులకు వేలూరు కేంద్ర కారాగారము పొరుగూరి చెఱ వంటిది. 1830లో ఏర్పడిన ఆ కారాగారమున మన ప్రాంతపువారేకాక దక్షిణాదిలోని అగ్రనాయకులెందఱో నివసించిరి. 1941లో కామరాజు విరుదునగరు పురపాలక సంఘాధ్యక్షుడుగా ఎన్నికైనప్పుడు ఆయన వేలూరు జైలులోనే యుండిరి. 1942 తరువాత వినోబా భావే అచ్చట నున్న కాలమున తెలుగు మొదలైన దక్షిణ భాషలను నేర్చుకొనిరి. వేలూరు చాలనప్పుడు ఖైదీలను తంజావూరు, తిరుచిరాపల్లి, కన్ననూరు జైళ్లకును, బళ్ళారి దగ్గఱి అల్లీపురము చెఱకును పంపుచుండిరి. ముఖ్యులైన నాయకులను కొందఱను దూరముగా బేరారులోని అమరావతికి తరలించిరి. నీలం సంజీవరెడ్డి, టంగుటూరి ప్రకాశం, సత్యమూర్తి, కామరాజు, వి. వి. గిరి మున్నగువారు అచ్చట నొక్కచోట నుండిరి.

ఇప్పుడు పటమును చూడుడు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడగానే చిత్తూరు ఇవతలికి వచ్చెను, వేలూరు అవతల మిగిలెను. అదే దినమున బళ్ళారి మైసూరు రాష్ట్రములో చేరెను. 1956లో కన్ననూరు కేరళమునకు పోయెను. 1960లో అమరావతి మహారాష్ట్రమునకు చెందెను. ఆ 1960లోనే, ఏప్రిల్ 1వ తేదీన, సరిహద్దు తగవుపై వెలువడిన పటాస్కరు తీర్పు ననుసరించి, మన మండలమునుండి తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రమునకు వెళ్లిపోయెను. కావున ఒకే జెండాక్రింద నడచి, ఒకే పోలీసు వ్యానులో ఎక్కిన పుత్తూరువాడును తిరుత్తణివాడును 1972 నాటికి వేర్వేఱు రాష్ట్రముల పౌరులు. ఇద్దఱి పేర్లున్న జైలు రిజిష్టరు మాత్రము ఒక్కటే. అదియు మూడవచోట, కాలము తీరిన దస్త్రములను తగులబెట్టుటకు నియమములున్న కచేరిలో. చిత్తూరు కలెక్టరు కచేరికి దరఖాస్తు పెట్టుకొన్న రైతు, ఆ కచేరివారు వేలూరికి వ్రాసిన ఉత్తరమునకు బదులు వచ్చువఱకు ఎదురుచూడవలెను. ఆ బదులు తఱచుగా, తత్సంబంధమైన దస్త్రము దొరకలేదని చెప్పు ఒకే వాక్యముగా నుండును.

దస్త్రము దొరికినను చిక్కు తీరదు. తెలుగువాడు పేరుకు ముందు ఇంటిపేరు పెట్టును. అరవవాడు తండ్రిపేరు మొదటి అక్షరమును పెట్టును. మన చిత్తూరు సీమలో రెండు ఆచారములును కలిసియున్నవి. జైలు గుమాస్తా తన అలవాటు చొప్పున ఒక అక్షరమును వ్రాసికొని, దానినే ఇంగ్లీషున మఱియొక తీరున మార్చినచో, ముప్పదియేండ్ల తరువాత పింఛను గుమాస్తా ముందు నిలిచిన మనుష్యునకును, రిజిష్టరులోని పేరునకును పొత్తు కుదరదు. మఱియు యుద్ధకాలమున అందఱిని ఒకే చట్టము క్రింద చెఱసాలకు పంపలేదు. కొందఱు భారత రక్షణ నిబంధనల క్రింద విచారణ లేకుండ నిర్బంధితులైరి; తంతితీగలు తెగగొట్టినవారును, స్టేషనులు తగులబెట్టినవారును సాధారణ నేరస్థుల వలె శిక్ష ననుభవించిరి. వారి పేరెదుట దేశభక్తి యని వ్రాసినవాడెవ్వడును లేడు. నేరమునకు సంబంధించిన సెక్షను సంఖ్య మాత్రమే యున్నది. ఆ సంఖ్య వెనుకనున్న కారణమును ఎఱిగినవాడు తోడి ఖైదీయే.

ఇట్టి స్థితిలో పథకమున ఒక మార్గమును తెఱచి యుంచిరి. దస్త్రములు లభింపవని రాష్ట్ర ప్రభుత్వము ధ్రువపఱచినపుడు, దరఖాస్తుదారునితో చెఱలో నుండి, తమ చెఱవాసము ఇదివఱకే రుజువైన ఇద్దఱు యోధులు సహఖైదీ ధ్రువపత్రములు వ్రాసియియ్యవచ్చును. వ్రాయువాడు ప్రస్తుతముననో, పూర్వమో పార్లమెంటు సభ్యుడుగాని శాసనసభ్యుడుగాని యైనచో రెండింటికి బదులు ఒక్క పత్రము చాలును. ధ్రువపఱచువాడు ఊరక మంచివాడనియో, తెలిసినవాడనియో వ్రాసిన సరిపోదు. ఏ జైలు, ఏ తేదీనుండి ఏ తేదీవఱకు, ఏ కారణముచేత, తాను అదే కాలమున అదే జైలులో నుండినట్లు ఆధారమేమి అను వివరములు అందుండవలెను.

"ఆయప్ప నాతో కూడా లోపల ఉండినాడు" అని మన సీమ పెద్దలు ఒక్కమాటలో చెప్పివేయు సంగతిని ఆ కాగితముపై నిలుపుటకు ఎంత శ్రమ పడవలెనో ఊహింపుడు. డెబ్బదియేండ్లు పైబడిన ఇద్దఱు ముసలివారు ఒక అర్జీ గుమాస్తా బల్ల యెదుట కూర్చుండి, 1943లో వచ్చిన సంక్రాంతికి తాము వేలూరులో నుంటిమా, తంజావూరికి మార్చిరా అని తర్కించుకొందురు. తేదీలు వారికి గుర్తుండవు. వినోబాజీ తెలుగు చదువుకొనుచుండిన కాలమనియో, ఫలాని ఖైదీ జబ్బుపడి విడుదలయైన తరువాత ననియో, సంగటిలో రాళ్లున్నవని అందఱును కలిసి ముద్ద ముట్టని దినముననియో గుర్తుండును. ఆ గుర్తులను తేదీలుగా మార్చి గుమాస్తా టైపు కొట్టును. కాగితమున తుదకు మిగులునది రెండు తేదీలును, ఒక జైలు పేరును, వంకరపోయిన ఒక సంతకమును. చెప్పుకొన్న కథయంతయు బల్లయెదుటనే యుండిపోవును. చరిత్రకారుడు ఆ మిగిలిన రెండు తేదీలతో పనిచేయుచున్నాడు.

ఇచ్చట ఒక కఠినమైన విషయమును చెప్పకతప్పదు. తోడి ఖైదీ యను మాటలో అందఱును సమానులైనట్లు తోచును గాని, చెఱలో అందఱును ఒక్కచోట నుండలేదు. చెన్నరాజధానిలో 1930 నుండి రాజకీయ ఖైదీలను ఏ, బీ, సీ యను మూడు తరగతులుగా విభజించిరి. వకీళ్లు, పట్టభద్రులు, పలుకుబడి గల కుటుంబములవారు మొదటి రెండు తరగతులలో పడిరి; పల్లెకాపులు, నేతపనివారు, కూలీలు, అంగడి గుమాస్తాలు సీ తరగతిలో పడిరి. తిండి వేఱు, బరాకు వేఱు, చదువుకొను అవకాశము వేఱు. తదనంతర కాలమున ఎవరి సంతకమునకు విలువ హెచ్చెనో ఆ నాయకులలో పలువురు ఈ సీ తరగతివారి ప్రక్కన నివసించినవారు కారు. మన తిరుచానూరులో 1891లో జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు వ్యక్తిసత్యాగ్రహమున, క్విట్ ఇండియా ఉద్యమమున చెఱకు పోయినవారు. తిరుపతి, చిత్తూరు నియోజకవర్గములనుండి లోకసభకెన్నికై, 1956 నుండి 1962 వఱకు లోకసభ స్పీకరుగా నుండి, తరువాత బీహారు గవర్నరై, 1978లో కీర్తిశేషులైరి. అనగా పథకము ప్రారంభమైన తరువాత ఆయన అయిదేండ్లకు పైగా సజీవులై యుండిరి. అట్టివారి ఒక్క పత్రము నిబంధనల ప్రకారము ఇద్దఱి పత్రములకు సమానము. అట్టి పత్రము కోరగల చనువు గలవాడు అదృష్టవంతుడు. ఆ చనువు లేని సీ తరగతి ఖైదీ తనవంటి మఱియొక సీ తరగతి ఖైదీనే ఆశ్రయింపవలెను. ఆ రెండవవాని చెఱవాసము ఇంకను రుజువు కానిచో అతని సంతకము చెల్లదు. ఒకని కొఱకు ఒకడు, వాని కొఱకు వీడు వేచియుండవలసిన ఈ వలయమునుండి వెలువడుటకు ఆ జట్టులో ఎవనికో ఒకనికి జైలు దస్త్రము దొరకవలెను. అట్లు దస్త్రము దొరికిన మొదటివాడు తన తోటివారందఱికిని తలవాకిలి యగును. ఆ మొదటివాడు జీవించియున్నంతకాలమే ఆ వాకిలి తెఱచియుండునని మఱువరాదు.

అజ్ఞాతవాసము చేసినవారి పరిస్థితి యింకను క్లిష్టము. చెఱకు పోనివానికి తోడి ఖైదీ ఉండడు గదా! 1942 జూలైలో కళా వెంకటరావు కార్యదర్శిగా నుండిన ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘము జిల్లాలకు పంపిన సర్క్యులరులో, ప్రాణహాని లేకుండ తంతి, టెలిఫోను తీగలను తెగగొట్టుట వఱకును కార్యక్రమము సూచింపబడియుండెను. ఆ పనిని చేసి పట్టుబడక అడవిలోను, బంధువుల ఇండ్లలోను దాగినవాడు ఎంత సమర్థుడో అంతగా ఆధారము లేనివాడు. అతడు ప్రకటిత నేరస్థుడని గాని, పట్టియిచ్చినవారికి బహుమానము ప్రకటింపబడినదని గాని, నిర్బంధపుటుత్తరువు వెలువడియు అందజేయబడలేదని గాని ప్రభుత్వ కాగితము చూపవలెను. అది లేనిచో, దీర్ఘకాలము చెఱవాసము చేసి, అదే ప్రాంతమునకు చెందిన ప్రముఖ యోధుడొకడు తన స్వానుభవమున ఎఱిగితినని వ్రాసియియ్యవలెను. ఆ దీర్ఘకాలమునకు మొదట అయిదేండ్లని పెట్టిన కొలత తరువాత రెండేండ్లకు తగ్గినది. అయిదేండ్ల చెఱవాసము చేసినవారు ఒక్కొక్క జిల్లాలో ఎందఱుందురు? అందు 1980 తరువాత బ్రదికి యున్నవారెందఱు? ఈ నిబంధనను వ్రాసినవారు మోసమును నివారింప దలచిరి గాని, మృత్యువును లెక్కింపలేదు.

సముద్రమునకావల యుద్ధము చేసినవారి సంగతి వేఱు. మలయా తోటలలో పనిచేయుచుండిన తెలుగు, తమిళ కూలీలు 1943లో సుభాసు చంద్రబోసు పిలుపునందుకొని ఆజాద్ హింద్ ఫౌజులో చేరిరి. వారు బ్రిటిషు సైన్యమున నుండి వచ్చినవారు కారు గనుక వారి పేర్లు ఏ పల్టను రిజిష్టరులోను లేవు. ఫౌజుకు చెందిన కాగితములలో పెక్కు 1945లో ఓటమి వేళ నశించినవి. ఎఱ్ఱకోట విచారణలో షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌ల పేర్లు దేశమంతట మాఱుమ్రోగినవి గాని, సిపాయిగా నుండి స్వదేశమునకు తిరిగివచ్చిన కూలీకి ఆ కీర్తిలో పాలు దక్కలేదు. ఫౌజులోని సైనికులను స్వతంత్ర భారత సైన్యము తిరిగి చేర్చుకొనలేదు. 1972 పథకమున వారికిని తావు కలిగిన తరువాత, వారు కూడ తమ దళమున నుండిన అధికారి మాటపైననో, తోటి సిపాయి మాటపైననో ఆధారపడవలసి వచ్చెను. ఎదుటి పక్షమున బ్రిటిషు సైన్యమున పోరాడి, యుద్ధము ముగియగానే విడుదల పొందిన మన పల్లెల సిపాయిలకు పదునైదేండ్ల సర్వీసు లేదు గనుక సర్వీసు పింఛను రాలేదు. వారి కథ మఱియొక భాగమునకు చెందినది.

తెలంగాణమున ఈ సాక్ష్యము సామూహిక రూపమును దాల్చినది. నిజాము రాష్ట్రమును భారతదేశమున విలీనము చేయుటకై 1947, 1948 సంవత్సరములలో సరిహద్దు శిబిరములనుండి పోరాడినవారిని 1985లో పింఛనుకు అర్హులుగా అంగీకరించినప్పుడు, జైలు దస్త్రములు లేని వేలాది దరఖాస్తులను పరిశీలించుటకు చండ్ర రాజేశ్వరరావు అధ్యక్షతన ప్రత్యేక సంఘము నేర్పఱచిరి. ఏ శిబిరము ఎచ్చట నుండెను, దానిని ఎవరు నడపిరి అను విషయములను ఆ పోరాటములో నుండిన పెద్దలే నిర్ణయింపవలసి వచ్చెను. ప్రభుత్వమునకు తెలియనిదానిని యోధులే ప్రభుత్వమునకు చెప్పుట యనగా నిదియే.

అయినను, ఈ మార్గమున దొంగలు చొరబడలేదని చెప్పుట సత్యము కాదు. మహారాష్ట్రములోని బీడు జిల్లాలో పుట్టిన తేదీలను బట్టి చూచిన ఉద్యమకాలమున పసిబిడ్డలైనవారు కూడ యోధులుగా పింఛను పొందిరని ఆరోపణలు పెచ్చరిల్లి, విచారణ సంఘము ఏర్పడి, ఆ వ్యవహారము 2005లో సుప్రీముకోర్టు వఱకు పోయినది. డబ్బునకో, మొగమోటమునకో సంతకము చేసిన ప్రతివాడును తన ప్రక్కన పండుకొన్న నిజమైన ఖైదీకి ద్రోహము చేసినవాడే. ఏలయనగా ఒక్క దొంగ పత్రము బయటపడినచో పది నిజమైన పత్రములపై అనుమానము పడును, నిజమైన ముసలివాని దస్త్రము మఱల అయిదేండ్లు బల్లపై నిలిచిపోవును. ఎఱుగనివానికి వ్రాయనని నిరాకరించిన యోధులు మనలో కలరు. బంధువులు అలిగినను, ఊరిలో మాటపడినను చలింపక నిలిచిరి. వారి నిరాకరణమును గూడ నేను వారి దేశసేవలో భాగముగనే లెక్కింతును.

దస్త్రము లేని నిజమైన ఖైదీయు కలడు, దొంగ పత్రమును కలదు అను ఈ రెండు సత్యములను న్యాయస్థానములు క్రమముగా సమన్వయపఱచినవి. 1938, 1939 సంవత్సరములలో హైదరాబాదు రాష్ట్రమున జరిగిన ఆర్యసమాజ సత్యాగ్రహమున పాల్గొన్నవారు వేసిన ముకుందలాల్ భండారీ వ్యాజ్యమున, సత్కారమునకై పెట్టిన పథకమున గడువు దాటినదను మిషతో దరఖాస్తును త్రోసివేయరాదని 1993లో సుప్రీముకోర్టు నిర్ణయించెను. 2001లో గురుదయాళ్ సింగు వ్యాజ్యమున, ఇట్టి దరఖాస్తును నేరవిచారణ వలె సందేహమునకు తావులేని రుజువుతో కొలువరాదనియు, సంభావ్యత కనబడినచో చాలుననియు, చెఱలో నుండినట్లు సాక్ష్యము వలన నమ్మదగియున్నపుడు దానిని ఖండించు భారము ప్రభుత్వముపై పడుననియు తీర్మానించెను. వేలూరు దస్త్రము దొరకని చిత్తూరు రైతునకు ఈ తీర్పు పెద్ద ఊరట. అప్పటికే అట్టివారిలో పలువురు లేరు. భర్త పోయిన తరువాత పింఛను భార్యకు సంక్రమించును గాన, చిన్ననాట పెనిమిటి చెఱకు పోయినపుడు ఇల్లు నిలిపిన ఇల్లాండ్రు పేరు మార్పిడికై కచేరికి వచ్చుట ఆరంభమాయెను. వారు తెచ్చు కాగితములలో అన్నిటికంటె పైన నుండునది ఆ సహఖైదీ ధ్రువపత్రముయొక్క మాసిన నకలే.

నేడు ఆ పత్రములను వ్రాయగలవారు మన మండలమున లేరనియే చెప్పవచ్చును. క్రొత్త సాక్ష్యము పుట్టదు. వ్రాసియిచ్చినది మాత్రమే మిగిలినది. జైలు రిజిష్టరులు నశించినచోట, 1972 తరువాతి ఈ ధ్రువపత్రములే 1942 నాటి చెఱవాసములకు మనకున్న దస్త్రములు. ఏ బరాకులో ఎవరెవరు కలిసియుండిరి, ఏ యూరివారు ఏ జైలునుండి ఏ జైలుకు మారిరి అను సంగతులు వీనిని ఒకదాని ప్రక్కన నొకటి పెట్టి చదివినచో తెలియగలవు. కలెక్టరు కచేరి నకళ్లు ఏమగునో మన చేతిలోనిది కాదు. మీ యింట తాతగారి పెట్టెలో అట్టి కాగితము ఉన్నచో, దానిని పాడుకానీయక భద్రపఱచుడు. అందులోని జైలు పేరు, రెండు తేదీలు, ధ్రువపఱచినవాని పేరు, అతని చెఱవాసమునకు చూపిన ఆధారము, ఇవి యున్న పుటకు నకలు తీయించి మీ ఊరి గ్రంథాలయమున నుంచుడు. తిరుత్తణి వైపు బంధువులున్నవారు అచ్చటను విచారింపుడు. 1960 వఱకు వారును మనవారే గనుక, మన ఖైదీలకు వ్రాసియిచ్చిన పత్రములు వారి యిండ్లలోను ఉండుటకు అవకాశము మెండుగా కలదు.